ఖాళీగా ఉన్న మొదటి వరుస

ఏప్రిల్ 7, సోమవారం

ఈ నోటుపుస్తకం కొన్నది పరీక్ష కోసం. కంప్యూటరు కోర్సు చెప్పే ఆయన మొదటి క్లాసులోనే అన్నాడు, మీ ఫ్లో రోజూ ఏం చేసిందో, మీరేం చేశారో రాసి పెట్టుకోండి అని. ఫ్లో అంటే మనం ఒకసారి నేర్పిన పనిని కంప్యూటరు తనే చేసుకుపోయే ఏర్పాటు, అది చేసింది కంప్యూటరే రాసుకుంటుంది. నేను చేసింది రాసేవాళ్లెవరూ లేరు కాబట్టి ఆ పని నాకే పడింది. ఎవరికీ చూపించేది కాదు. దస్తూరి కోడి గీకినట్టున్నా అడిగేవాళ్లు లేరు.

పరీక్ష మే 11న, కర్నూలులో. అందులో ప్రాక్టికల్ ఒకటుంది. మెయిల్ రావాలి. దానితో వచ్చిన కాగితాన్ని ఫ్లో తనంతట తానే తెరిచి చదవాలి. మూడు వాక్యాల్లో సారాంశం రాసి, చూడవలసిన వాళ్లకు మెయిల్ చేయాలి. మధ్యలో మనిషి చెయ్యి పడకూడదు. నిజంగా ఒక ఆఫీసులో నడుస్తున్న ఫ్లోను చూపించి, ఆఫీసు నుంచి ఉత్తరం కూడా తెస్తే సగం గట్టెక్కినట్టే.

నేను వెతుక్కోవలసిన పని లేదు. నంద్యాలలో మా విత్తనాల కంపెనీకి ఈ రెండు నెలలూ వచ్చేవన్నీ అలాంటి మెయిళ్లే. ప్రాజెక్టు గురించి కొత్తవాడికి అర్థమయ్యేట్టు రాయమంటారట, ఇక్కడే ఒకసారి రాసి చూస్తా.

ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఊళ్లలో రైతులు మా కంపెనీ కోసం సీడు పత్తి, అంటే విత్తనానికి పనికొచ్చే పత్తి, వేస్తారు. ఒక్కో రైతు విత్తనం ఒక్కో లాటు, దానికో నెంబరు. సంచులన్నీ మా గోడౌన్‌లో ఉంటాయి. ప్రతి లాటు నుంచి గుప్పెడు తీసి హైదరాబాదు ల్యాబ్‌కు పంపుతాం. వాళ్లు వాటిని మొలకెత్తించి, మొక్కలు పెంచి, అసలు రకం ఎంత శాతం, తేడా మొక్కలు ఎంత శాతం అని నాలుగు పేజీల రిపోర్టు మెయిల్ చేస్తారు. పాసైన లాటుకు మందు పట్టించి ప్యాకెట్లు కడతారు. ఫెయిలైన లాటు నూనె మిల్లుకు పోతుంది. ఆ రైతు ఏడాది కష్టం కూడా దాంతోపాటే పోతుంది.

ఆ నాలుగు పేజీలూ ఇన్నాళ్లూ చదివింది నేను. ఇకమీద చదివేది ఫ్లో.

ఏప్రిల్ 9

వేణుమాధవ్ సార్‌కు చూపించాను. కంపెనీ ఆయనదే. వాళ్ల నాన్న గాంధీచౌక్‌లో విత్తనాల అంగడి నడిపిన రోజుల నుంచి రైతులను పేరు పెట్టి పిలవడం ఆ ఇంటి అలవాటు. సారాంశం తెలుగులో రావడం చూసి ముచ్చటపడ్డాడు, పైన లాటు నెంబరు చూసి మొహం చిట్లించాడు.

"ఏందీ ఇది? నాలుగువేల మూడొందల పన్నెండు ఎవురు? నాకేం తెలుస్తాది? పేరు రావాల పాపా. ఫలానా ఊరు, ఫలానా ఓబులేసు, పాసు. అట్ల రావాల."

సరేనన్నాను. రైతుల జాబితాలో ఫలితం ఎక్కించేటప్పుడు కూడా నెంబరుతో కాకుండా ఊరూ పేరూ చూసి ఎక్కించేట్టు మార్చేశాను. మా ఆఫీసులో నెంబరుతో మాట్లాడే మనిషి లేడు. సంచి మీద నెంబరున్నా గోడౌన్ వాళ్లు "చింతమాను ఇంటోళ్లది", "మేడింటోళ్లది" అంటారు.

ఒకే ఊళ్లో ఒకే పేరు ఇద్దరికి ఉంటే? ఉంటుంది. అహోబిలం నరసింహస్వామికి మొక్కుకోని ఇల్లు మా వైపు లేదు, ఆ స్వామి పేరే ఓబులేసు, ఊరికి అరడజను మంది ఓబులేసులు. దానికీ ఉపాయం చేశాను. పేరు కలిసిన వరుసల్లో, ఫలితం ఖాళీగా ఉన్న మొదటి వరుసలో రాయమన్నాను. శాంపిళ్లు మనం పంపింది జాబితా వరుసలోనే కదా, రిపోర్టులూ ఆ వరుసలోనే వస్తాయి. మొదటి ఓబులేసుది మొదట, రెండో ఓబులేసుది తర్వాత.

గాయత్రీ, నీకు బుర్ర ఉందే!

ఏప్రిల్ 12

ఆళ్లగడ్డ నుంచి గురుస్వామి అన్న వచ్చాడు. రైతులకూ కంపెనీకీ మధ్య తిరిగే ఆర్గనైజరు ఆయనే. నా కంప్యూటరు వెనక నిలబడి చాలాసేపు చూశాడు.

"అది సదువుతాంటే నువ్వేం చేస్తాండావ్?"

"పరీక్షకు చదువుకుంటున్నా అన్నా."

"బాగుంది. మీ సారు నీకు జీతమిచ్చి, నువ్వు దానికి పని చెప్పి. దిన్నెపల్లెవి ఎప్పుడొస్తాయి? మీ మామ ఓబులేసు రోజూ నా పానం తీస్తాండాడు."

వచ్చే వారం అన్నాను. మామ నాకు ఫోన్ చేయకుండా ఆయనకు చేయడం ఏమిటో.

ఏప్రిల్ 13, ఆదివారం

అమ్మను అడిగాను, మామ నన్ను ఎందుకు అడగడం లేదని. "నువ్వు ఆఫీసులో ఉండావు, నిన్ను అడిగితే బాగుండదని" అంది.

మామ అంతే. అమ్మకు ఒక్కడే తమ్ముడు. నాన్న పోయాక నేను నంద్యాలలో సాయంత్రం కంప్యూటరు క్లాసుకు చేరితే, ఒక్కదాన్నే బస్సులో రావడానికి భయపడుతున్నానని దిన్నెపల్లె నుంచి మోపెడ్ మీద వచ్చి, క్లాసు మెట్ల మీద కూర్చునేవాడు. ఒకరోజు కాదు, రెండేళ్లు. లోపల ఏం చెబుతున్నారని ఒక్కసారి కూడా అడగలేదు. ఇంటికి పోయేటప్పుడు "అయిందా?" అనేవాడు. "అయింది మామా." అంతే మా మాటలు.

ఏప్రిల్ 16

నలభై మూడు డిగ్రీలు. కరెంటు నాలుగుసార్లు పోయింది. ఫ్లో ఆగలేదు. డెబ్బై ఒక్క రిపోర్టులు.

ఏప్రిల్ 22, మంగళవారం

దిన్నెపల్లెవి వచ్చాయి. మామది పాసు!

ఊళ్లో సీడు వేసిన ఓబులేసులు ఇద్దరు. జాబితాలో ముందున్న ఓబులేసు, మామ పక్క చేను కమలమ్మ భర్త, ఫెయిలు. పాపం. మామది పాసు. సార్‌కు సారాంశాలు పోయాయి, గురుస్వామి అన్నకూ పోయాయి. రిపోర్టులు తెరవలేదు. తెరిచే పని లేకుండా చేయడమే కదా ఇంతకూ నేను చేసింది.

ఆగలేక ఆఫీసు వరండాలోకి వచ్చి మామకు ఫోన్ చేశాను.

"మామా, నీది పాసు."

అవతల చప్పుడు లేదు. తెగిపోయిందేమో అనుకున్నాను.

"నాదేనా?" అన్నాడు చివరికి. "బాగా సూసినావా పాపా?"

"చూసినా మామా."

"సరేలే. నువ్వుండావు గదా" అని పెట్టేశాడు.

సంతోషం ఎక్కువైతే మనిషికి మాట రాదు.

ఏప్రిల్ 24

సార్ ఇవాళ ముగ్గురు వేరే కంపెనీల వాళ్లను పిలుచుకొచ్చి నా ఫ్లో చూపించాడు. "మా పాప చేసింది" అన్నాడు. పరీక్ష పాసయితే ఆఫీసు కంప్యూటరు పనంతా నా చేతికిస్తాడట, ఇంకో మనిషిని నా కింద పెడతాడట. పరీక్షకు కావలసిన ఉత్తరం తనే రాసిస్తానన్నాడు. నేను తలవంచుకుని ఉన్నాను గానీ లోపల నేల మీద లేను.

ఏప్రిల్ 26

అమ్మ దిన్నెపల్లె పోయొచ్చింది. మామ బక్షాలు చేయించి పంపాడు, పండగ లేదు పబ్బం లేదు. ఇరవై ఉన్నాయి.

"నువ్వు చేసిన మేలు మామ మర్సిపోడు" అంది అమ్మ, డబ్బా మూత తీస్తూ.

"నేనేం చేసినా? ల్యాబ్ వాళ్లు పాస్ చేస్తే."

అమ్మ నవ్వింది. ఏదో గుట్టు తెలిసిన నవ్వు. నాకు నచ్చలేదు. బక్షాలు బాగున్నాయి, నాలుగు తిన్నాను.

ఏప్రిల్ 28

నమూనా పరీక్ష రాశాను. యాభైకి నలభై నాలుగు.

పదిహేడో ప్రశ్న: మెయిల్లో వచ్చిన కాగితం వివరాలను జాబితాలోని సరైన వరుసతో కలపడానికి ఏది వాడాలి? పేరు, ఊరు, తేదీ, ఒక్కరికే చెందే నెంబరు. చదవకుండానే నాలుగోది పెట్టాను. చిన్నపిల్లలు కూడా రాస్తారు.

అది పుస్తకంలో ప్రశ్న. మా ఫ్లో సంగతి వేరు. మా దగ్గర వరుస తప్పదు.

ఏప్రిల్ 29

వరుస తప్పదు.

ఏప్రిల్ 30, బుధవారం

కమలమ్మ ఆఫీసుకు వచ్చింది.

నేను ఆమెను ఇదివరకు చూడలేదు. మామ చేను పక్క చేను వాళ్లదని మాత్రం తెలుసు. యాభై ఏళ్లుంటాయి. పది గంటల బస్సు దిగి నడిచి వచ్చినట్టుంది, కొంగుతో మొహం తుడుచుకుంటూ నా బల్ల ముందు నిలబడింది. సార్ లేడు.

"అమ్మా, దిన్నెపల్లె ఓబులేసు పెండ్లాన్ని. మాది ఫెయిలని గురుస్వామి చెప్పినాడు. ఏం రాసినారో రోంత సదివి చెప్పు."

కూర్చోమన్నాను, కూర్చోలేదు. స్క్రీన్ మీద సారాంశం చదివి వినిపించాను. తేడా మొక్కలు పద్నాలుగు శాతం, ఉండవలసిన దానికన్నా చాలా ఎక్కువ, లాటు తిరస్కరించడమైనది.

"తేడా మొక్కలు యాడ నుంచి వస్తాయి?"

తెలియక కాదు, నా నోటితో చెప్పించడానికి అడిగింది. మగమొక్క పుప్పొడి చేత్తో పూయని పువ్వు ఉంటుందే, అది దానంతట అదే కాయ కడుతుంది. ఆ కాయ తెంపి పారేయకుండా మంచి పత్తిలో కలిపితే వస్తాయి. అదే చెప్పాను.

"మేం ఒక్క పువ్వు వదల్లే" అంది. గొంతు పెంచలేదు. "ఆయప్ప, నేను, నా కోడలు. పొద్దున ఆరింటికి సేనులో ఉంటిమి, డెబ్బై దినాలు. కోడలు కడుపుతో ఉన్యా వొచ్చింది. ఒక్క పువ్వు వదల్లేమ్మా." కొంగు ముడి విప్పి పిడికెడు గింజలు తీసి నా బల్ల మీద పోసింది. గింజ చూస్తే ఏం తెలుస్తుంది, ఎవరి గింజైనా ఒకటే నలుపు. "ఆ కాగితం సూపించు. నాకు సదువు రాదు గానీ సూస్తా."

రిపోర్టు తెరవడానికి రెండు నొక్కులు చాలు.

"సర్వర్ పనిచేయడం లేదమ్మా" అన్నాను.

ఆమె గింజలన్నీ ఏరుకుని, మళ్లీ ముడి వేసుకుని వెళ్లిపోయింది. ఒకటి కీబోర్డు సందులో ఉండిపోయింది. పెన్నుతో తీయడానికి చాలాసేపు పట్టింది.

మే 1

సెలవు. చదవలేదు.

ఫెయిలైన ప్రతి రైతూ ఇదే మాట అంటాడు. ఒక్క పువ్వు వదల్లేదంటాడు. పోయినేడు ఆత్మకూరు వైపు నుంచి ఒకాయన వచ్చి దేవుడి మీద ప్రమాణం చేశాడు. మొన్న కూడా ఇద్దరు వచ్చారు. అందరి మాటా నమ్మితే కంపెనీ మూసుకోవాలి. పైగా నేను తీర్పు చెప్పేదాన్ని కాదు, వచ్చిన కాగితం పంపేదాన్ని. అదీ నేను కాదు, ఫ్లో.

కోడలు కడుపుతోనే చేనుకు వచ్చిందని ఎందుకు చెప్పింది నాకు?

మే 3, శనివారం

రెండు రిపోర్టులూ తెరిచాను.

4417, ఓబులేసు, దిన్నెపల్లె: అసలు రకం తొంభై ఎనిమిది. పాసు. జాబితాలో 4417 కమలమ్మ వాళ్లది.

4431, ఓబులేసు, దిన్నెపల్లె: అసలు రకం ఎనభై ఆరు. ఫెయిలు. 4431 మామది.

ల్యాబ్ వాళ్లు 4431 రిపోర్టు పదకొండు గంటలకు పంపారు, 4417ది పన్నెండున్నరకు. వరుస తప్పింది. ముందొచ్చింది మామ ఫెయిలు. ఫ్లో వెళ్లి ఓబులేసు అన్న పేరుతో ఖాళీగా ఉన్న మొదటి వరుసలో రాసింది. అది కమలమ్మ వాళ్ల వరుస. తర్వాతొచ్చిన వాళ్ల పాసుకు మిగిలింది మామ వరుస. ఫ్లో నేను చెప్పినట్టే చేసింది, వెంట్రుకవాసి తప్పలేదు.

ఇప్పుడే తెలిసింది నాకు. ఈరోజే.

మే 4

ఫెయిలైన లాటులు తొమ్మిదో తారీకున నూనె మిల్లుకు పోతాయి. అదే రోజు దిన్నెపల్లె పాసు లాటులకు మందు పట్టిస్తారు. మందు పట్టించి, ప్యాకెట్లు కట్టి, వాటిలో కలిసిపోతే ఇక మామ గింజలను ఎవరూ వేరు చేయలేరు. జూన్‌లో ఎక్కడో ఎవరో రైతు విత్తుకుంటాడు. వంద మొక్కలకు పద్నాలుగు తేడా.

పరీక్ష పదకొండున. పన్నెండున చెబితే?

పన్నెండుకు కమలమ్మ విత్తనం నూనె అయి ఉంటుంది.

మే 5

సార్ ఉత్తరం టైపు చేయించి సంతకం పెట్టాడు. "ఏ పొరపాటూ లేకుండా నడుస్తున్నది" అని ఉంది అందులో. నా చేతికివ్వలేదు, పోయేముందు తీసుకో అన్నాడు.

అమ్మకు చెప్పబోయి చెప్పలేదు.

మే 6, మంగళవారం

సగం పూట సెలవు పెట్టి ఆళ్లగడ్డ వెళ్లాను. మామకు ముందు చెప్పాలి, ఆ తర్వాతే సార్‌కు. బస్టాండు దగ్గరికి రమ్మని ఫోన్ చేస్తే, నేను దిగేటప్పటికే వచ్చి ఉన్నాడు. శిల్పాలు చెక్కే షెడ్ల వైపు నడిచాం. అక్కడ వేపచెట్టు కింద టీ బంకు ఉంది. రాతి దుమ్ము టీలో పడకుండా మామ చెయ్యి అడ్డం పెట్టి నా గ్లాసు ఇచ్చాడు. ఉలి చప్పుళ్ల మధ్య గట్టిగా మాట్లాడాలి.

"మామా, నీ లాటు సంగతి" అన్నాను.

"తెలుసులే పాపా."

"ఏం తెలుసు?"

చుట్టూ చూసి నా వైపు వంగాడు. "నాది పాసయ్యేది కాదు. నాకు తెల్దా? అక్టోబరులో పది దినాలు కూలోళ్లు రాల్యా. అత్తకు జరం, నాకు మోకాలు. సెట్ల మింద సొంతంగా కట్టిన కాయలు కట్టినట్టే ఉండిపోయినాయి. తెంపి పారేయల్ల, పారేయల్యా. కలిపేస్తి. ఫెయిలని రాసి పెట్టుకుని ఉంటి. నువ్వు ఫోన్ చేసి పాసంటివి." టీ గ్లాసు కింద పెట్టాడు. "అప్పుడే అనుకుంటి, నా పాప చేసిందని. ఎవురికీ చెప్పలే. మీ అమ్మకొక్కదానికే."

నేను చేయలేదు మామా, అది తప్పు, వరుస తప్పింది. అనాలి. నోట్లోకి వచ్చింది కూడా.

"మెట్ల మింద కూసునేటప్పుడు అనుకుంటాంటి" అన్నాడు, "ఈ పిల్ల ఏం సదువుతాందో, మనకేం అక్కరకొస్తాదో అని. వొచ్చింది సూడు."

మామ కళ్లు తడిగా ఉన్నాయి. నా పెళ్లిచూపుల రోజు సంబంధం తప్పిపోతే కూడా ఆయన కంట్లో నీళ్లు చూడలేదు. నేను టీ తాగేశాను. బస్సెక్కించి, కిటికీలోంచి నిమ్మసోడా అందించి వెళ్లాడు.

చెప్పలేదు.

మే 7

ఈ పుస్తకంలో అబద్ధం రాశాను. ఎవరికీ చూపించని పుస్తకంలో ఎవరి కోసం రాశానో తెలియదు.

ఏప్రిల్ 22న రిపోర్టు తెరిచాను. దిన్నెపల్లె అన్న మాట కనబడగానే చెయ్యి ఆగలేదు. పదకొండుకు వచ్చిన మొదటి రిపోర్టు తెరిచాను. 4431. మామ నెంబరు నాకు తెలుసు, సంచులు దింపిన రోజు చీటీ రాసింది నేనే. ఎనభై ఆరు, ఫెయిలు. జాబితా చూస్తే మామ వరుస ఇంకా ఖాళీగా ఉంది, ఫెయిలు కమలమ్మ వాళ్ల వరుసలో ఉంది. అప్పుడే అర్థమైంది నాకు ఏం జరిగిందో. అరగంట పట్టలేదు, అర నిమిషం పట్టలేదు. సరిచేయడానికి చెయ్యి మౌస్ మీదే ఉంది.

కాసేపు చూద్దాం అనుకున్నాను. రెండో రిపోర్టు ఏమొస్తుందో చూద్దాం అని. పన్నెండున్నరకు అది వచ్చింది, మామ పాసయ్యాడు. మూసేసి వరండాలోకి పోయి ఫోన్ చేశాను.

మొదటి తప్పు ఫ్లోది అని రాసుకోవచ్చు, అదీ నేను కట్టిందే. ఆ తర్వాతది మాత్రం నేను చేసిందే. మామ సరిగ్గానే అనుకున్నాడు. అమ్మ నవ్వు సరైన నవ్వే. నా ఒక్కదానికే ఇన్నాళ్లూ తెలియనట్టు.

అవతలి వరుసలో ఉన్నది ఎవరని అప్పుడు ఆలోచించలేదు. అది కూడా అబద్ధమే. ఆలోచించాను, "ఇంకో ఓబులేసు" అని. కమలమ్మ వచ్చి బల్ల మీద గింజలు పోసేదాకా ఆ పేరు వెనక మనిషి లేడు నాకు.

మే 8, గురువారం

పొద్దున సార్ దేవుడి పటాలకు దండం పెట్టుకుని కూర్చోగానే వెళ్లి రెండు రిపోర్టులూ, జాబితా అచ్చు తీసి ముందు పెట్టాను. అంతా చెప్పాను. 22న చూశానన్నది కూడా.

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది.

"మీ మామకు పాస్ చేసుకున్యావు. కమలమ్మ వొచ్చేసరికి భయపడినావు. అంతేనా?"

"మొదట వరుస తప్పింది సార్. నేను..."

"వరుస సంగతి నాకొద్దు. మూడొందల మందివి సారాంశాలు పోయినాయి. ఒకే పేరున్నోళ్లు ఎంతమంది?"

"నలభై ఒక్క మంది సార్. రాత్రి... నిన్న సాయంత్రం అన్నీ సరిచూసుకున్నా. తప్పింది ఈ రెండే."

"నీ మాట నేనెట్ల నమ్మేది?"

జాబితా కాగితం ఆయన వైపు జరిపాను.

గోడౌన్‌కు ఫోన్ చేసి దిన్నెపల్లె సంచులు కదలొద్దన్నాడు. తర్వాత ఫ్లో ఆపించాడు, ఆయన చూస్తుండగా నేనే ఆపాను. ఉత్తరం సొరుగులోంచి తీసి రెండుగా చించాడు. "రేపట్నుంచి రిపోర్టులన్నీ మళ్లా మొదట్నుంచి, ఒక్కొక్కటి, నాలుగు పేజీలూ సదువు. నెంబరు సూసి రాయి. అన్నీ అయినాక నిన్ను ఉంచుకునేదీ లేనిదీ సెప్తా." నేను లేస్తుంటే మళ్లీ అన్నాడు, "ముందు దిన్నెపల్లెకు పో. రెండిండ్లకీ నువ్వే చెప్పు. గురుస్వామితో చెప్పించను."

సాయంత్రం అమ్మకు చెప్పాను. అమ్మ అన్నం పెట్టింది. తర్వాత చాలాసేపటికి, గిన్నెలు కడుగుతూ, "వాడు నిన్ను బిడ్డనుకున్యాడు" అంది. అనుకున్యాడు. అనుకుంటాండాడు అనలేదు.

మే 9, శుక్రవారం

దిన్నెపల్లెలో దిగేటప్పటికి పదకొండు. మామ పంచలో నులక మంచం బిగిస్తున్నాడు. అత్త నన్ను చూసి లోపలికి రమ్మంది, మజ్జిగ కలపబోయింది. వద్దని, నిలబడే చెప్పాను. కూర్చుంటే మళ్లీ చెప్పలేనని భయం.

"మామా, నీది ఫెయిలు. సార్‌కు చెప్పేసినా. సంచులు ఆపినారు."

మామ చేతిలో నులక అట్లాగే ఉంది. "అయితే నువ్వు చేసింది కాదా అది?" అన్నాడు. విత్తనం గురించి కాదు ఆయన అడిగింది. నాకు తెలుసు, కాదంటే ఆయనకు మరీ నష్టం.

"మొదట తప్పు జరిగింది మామా. తర్వాత చూసినా. చూసి కూడా మూసేసినా. నీకోసమే."

"మరి ఇప్పుడెందుకు తీసేస్తాండావ్?"

"కమలమ్మ ఆఫీసుకొచ్చింది. ఒక్క పువ్వు వదల్లే అనింది."

అత్త ఏదో అనబోతే మామ చెయ్యెత్తాడు. నులక చివర ముడి వేశాడు, లాగి చూశాడు.

"వదల్లే" అన్నాడు. "నిజమే. పక్క సేనే గదా. నేను గట్టు మింద కూసుని బీడీ తాగుతాంటే ఆ పిల్ల కడుపేసుకుని వొంగి పూలకు పుప్పొడి పూస్తాండె. సూస్తానే ఉంటి." లేచి కండువా భుజాన వేసుకున్నాడు. "పా పోదాం. నువ్వొక్కదానివే పోతే ఊరుకోరు."

"నేనే చెప్పాల మామా."

"చెప్పు. నేను నిలబడుకుంటా."

రెండు వీధులు. మోకాలి నొప్పితో మామ నెమ్మదిగా నడిచాడు, నేనూ నెమ్మదిగా నడిచాను. వాకిట్లోంచి మామే పిలిచాడు, "ఓబులేసూ!" అని. ఆ ఓబులేసు బక్కగా, మామ కన్నా పెద్దవాడిలా ఉన్నాడు. కమలమ్మ వెనకే వచ్చింది. కోడలు తలుపు దగ్గర బాలింత గుడ్డ కట్టుకుని నిలబడింది.

చెప్పాను. మీది పాసు, ఫెయిలు మా మామది, తారుమారు చేసింది నేను. తెలియక కొంత, తెలిసి కొంత. రిపోర్టు కాగితం ఇచ్చాను. ఆ ఓబులేసు దాన్ని అటూ ఇటూ తిప్పి కోడలికిచ్చాడు, ఆమె నెంబరు చదివి తల ఊపింది. ఆయన గడప మీద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

కమలమ్మ నన్నే చూస్తోంది.

"ఆ పొద్దు సర్వరు లేదంటివే" అంది.

"ఉండిందమ్మా."

ఆమె తిట్టలేదు. తిట్టమని మనసులో వేడుకున్నాను. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి మామకిచ్చింది. "కూసోప్పా, కాలు నొప్పితో వొచ్చినావు" అంది. మామ కూర్చోలేదు. సగం తాగి, చెంబు నా వైపు చాచాడు.

ఎండకు నాలుక పిడచకట్టుకుపోయి ఉంది. కమలమ్మ ఇంకా నన్నే చూస్తోంది. నేను చెంబు అందుకోలేదు.